కాశీలో వదిలిన మృదుఫలం

ఏప్రిల్ 26, ఆదివారం. కాశీ. ఉదయం 6:40

గంగలో మూడు మునకలు! నీళ్ళు చల్లగా ఉన్నాయి, నేను మంచి ఊపు మీద ఉన్నాను. ఈ రోజు నుంచి కొత్త జశ్వంత్!

కాశీకి వచ్చినవాళ్ళు ఏదో ఒక కాయో పండో గంగకు వదిలెయ్యాలి. ఇక ఇంటికెళ్ళాక అది తినకూడదు. ఆచారం మంచిదే. మావాళ్ళు వదిలినవి మాత్రం ఇవి:

అత్తయ్యగారు వీరలక్ష్మి: కాకరకాయ. ఆవిడ కాకరకాయ తినగా చూసిన మనిషి భీమవరంలో లేడు.

మామయ్యగారు రామ్మోహనరావు, బోటనీ లెక్చరర్‌గా రిటైరయ్యారు: పనసపండు. తింటే గ్యాస్.

మా ఆవిడ ఆమని: డ్రాగన్ ఫ్రూట్. కారణం చెప్పలేదు, చెప్పక్కర్లేదు.

ఇదా త్యాగం? ఇంట్లో అక్కర్లేని సామాను తెచ్చి గంగలో పారబోసుకోవడం. గట్టు మీదే అనేశాను: "ఇష్టమైంది వదిలితేనే వదిలినట్టు!"

"అయితే నువ్వేం వదుల్తున్నావ్?" అంది ఆమని.

నేనెవర్ని? హైటెక్ సిటీలో ఒక సరుకుల యాప్ కంపెనీకి క్యాటలాగ్ లీడ్‌ని. ఏ వస్తువు ఏ అరలో కనపడాలో తేల్చేది నేను. ముష్టి ఒక్క పండు వదలడమేంటి? నిన్న సత్రంలో మామయ్యగారు మా అమ్మాయి రసజ్ఞ చేత (పదేళ్ళు, సెలవులయ్యాక ఆరో తరగతి) హాలిడే హోంవర్క్ చార్టు గీయించారు. ఫలాలు, వాటి వర్గాలు. టెంక ఫలాలు, మృదుఫలాలు, ఇంకా ఏవేవో. మృదుఫలం అంటే బెర్రీ అట. మా యాప్‌లో బెర్రీల అరలో ఉన్నవి నాలుగే. నాలుగూ విదేశీ సరుకే. ఒక్కటీ నోట్లో పెట్టుకున్న గుర్తు లేదు.

"మృదుఫలాలు!" అన్నాను. "వర్గం మొత్తం!"

"శాస్త్ర ప్రకారమేనా బాబూ?" అన్నారు మామయ్యగారు మెల్లిగా.

"శాస్త్రం ఎన్ని చెబితే అన్ని, మామయ్యగారూ!"

ముక్కు మూసుకుని మునిగాను. లేచేసరికి రసజ్ఞ దోసిట్లో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

"నేను మామిడిపండు వదిలేస్తున్నా."

ఎండాకాలం వస్తే ఈ పిల్ల అన్నం మానేసి మామిడిపండ్ల మీదే బతుకుతుంది. "చిన్నపిల్లలకి ఇవన్నీ అక్కర్లేదే తల్లీ" అన్నారు అత్తయ్యగారు. "నాన్నే చెప్పాడుగా అమ్మమ్మా, ఇష్టమైంది వదిలితేనే వదిలినట్టని" అంది. వదిలేసింది కూడా.

ఆమని నా వంక ఒక చూపు చూసింది. తర్వాత షరతు పెట్టింది. "మీ ఇద్దరివీ జంట ఒట్లు. ఇద్దర్లో ఒకరిది విరిగితే రెండోవాళ్ళదీ విరిగినట్టే. కాకపోతే విరగ్గొట్టినవాళ్ళు నోటితో చెప్పాలి." రసజ్ఞ సరేనంది. ఆమని ముఖం తేటపడింది. ఎందుకో మరి.

ఏప్రిల్ 27, సోమవారం. రైలు. మధ్యాహ్నం 1:15

పులిహోర పొట్లం విప్పాను. మామయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎండుమిరపకాయ వేశారండి. మీరు తినకూడదు బాబూ."

మిరపకాయకీ నాకూ ఏంటి సంబంధం అన్నాను. ఆయన చార్టు పరిచారు. ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి చెప్పిన గొంతు. బోగీ మొత్తం వింది. శాస్త్ర ప్రకారం మృదుఫలాలు:

టమాటా.
వంకాయ.
మిరపకాయ!! పచ్చిది, పండుది, ఎండుది, పొడి.
అరటి, ద్రాక్ష, జామ, సపోటా, బొప్పాయి.

"లోపల టెంక లేకుండా, గోడంతా మెత్తగా, గుజ్జులో గింజలుంటే అది మృదుఫలమండి. దోస, గుమ్మడి, నిమ్మ కూడా దగ్గర చుట్టాలే. పోనీలెండి, చార్టులో వేరే గడిలో ఉన్నాయి, వదిలేద్దాం."

"మరి స్ట్రాబెర్రీ?" అన్నాను. గొంతు నాదేనా అనిపించింది.

"అది మృదుఫలమే కాదు బాబూ. అనృత ఫలం. పువ్వులో అండాశయం పెరిగితే ఫలం. అది కాకుండా పక్కనున్న భాగం ఉబ్బి పండులా కనపడితే అనృత ఫలం. మీరు నిక్షేపంగా తినచ్చు."

నేను నరసరావుపేటలో పుట్టినవాణ్ణి. మా ఊళ్ళో పసిపిల్లలకి అన్నప్రాశన రోజే ఇంట్లో కారం దంచుతారు.

ఆమని కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుతోంది. "చెప్పెయ్. ఇప్పుడే విరగ్గొట్టెయ్. పిల్లకి స్టేషన్లో మామిడిపండు కొనిపెడతా" అంది. ఓహో! ఆ షరతు పెట్టింది ఇందుకా! మూడు రోజుల్లో నేను చేతులెత్తేస్తానని, పిల్ల బతికిపోతుందని!

రసజ్ఞ నా వంకే చూస్తోంది.

"విరగ్గొట్టే ప్రసక్తే లేదు" అన్నాను. పిల్ల ముఖం వెలిగిపోయింది. పులిహోర మామయ్యగారు తిన్నారు.

ఏప్రిల్ 28, మంగళవారం. నార్సింగి, ఇల్లు.

మొదటి రోజు. అద్భుతం! అత్తయ్యగారూ మామయ్యగారూ కొన్నాళ్ళు మా దగ్గరే ఉంటారు.

7:30. ఇడ్లీ. కొబ్బరి చట్నీ, మిరపకాయ బదులు మిరియాలు. మిరియం టెంక ఫలం! చెల్లుతుంది!
8:00. కాఫీ. కాఫీ గింజ కూడా టెంక ఫలానిదే! బతికాం!
1:00. బెండకాయ వేపుడు (ఎండి పగిలే ఫలం), మిరియాల చారు.
8:00. బీరకాయ పప్పు. పప్పు చెక్క ముక్కలా ఉంది. ఫర్వాలేదు.

అసలు మిరపకాయ మనది కాదు. పోర్చుగీసు వాళ్ళు ఓడలెక్కి తెచ్చింది. అంతకుముందు మన రాజులు మిరియాలతోనే రాజ్యాలేలారు. కడుపు తేలిగ్గా ఉంది. బుర్ర పాదరసంలా పనిచేస్తోంది.

ఏప్రిల్ 30, గురువారం

ఆఫీసు గ్రూపులో పోస్టు పెట్టాను. "ఒక వర్గం మొత్తం వదిలిన మనిషి." అరవై నాలుగు లైకులు. మా టీమ్‌లో నితీష్ వచ్చి "బ్రో, టమాటా బెర్రీనా?" అన్నాడు. ఇరవై నిమిషాలు చెప్పాను. మీటింగుందని పారిపోయాడు. జనానికి శాస్త్రం మీద గౌరవం లేదు.

మే 2, శనివారం. సాయంత్రం 6:30

నార్సింగి చౌరస్తాకి నడక. అక్కడ బుచ్చమ్మ మిర్చి బజ్జీల బండి. ఆ పక్కనే ఆమె భర్త ఐలయ్య మామిడిపండ్ల బండి. ఇక్కడ టవర్లు లేవకముందు, ఊరు ఊరుగా ఉన్నప్పటి మనుషులు. బజ్జీల వాసన ఒకవైపు, బంగినపల్లి వాసన ఒకవైపు. గాలి ఎటు వీచినా మాకే తగులుతోంది.

రసజ్ఞ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాన్నా, నువ్వు అటు చూడకు. నేను ఇటు చూడను."

ఇద్దరం తల తిప్పకుండా దాటేశాం. ఇంటికొచ్చాక ఒక నోటు పుస్తకం చూపించింది. రెండు నిలువు గళ్ళు. 'నేను', 'నాన్న'. రోజుకో టిక్కు. ఐదు రోజులు, పది టిక్కులు. "నా ఫ్రెండ్స్ అందరికీ చెప్పాను. మా నాన్న మిరపకాయ కూడా మానేశాడని. ఎవ్వరూ నమ్మట్లేదు" అంది.

నన్ను గురించి ఇంత గొప్పగా ఎవరైనా చెప్పుకుని ఎన్నేళ్ళయింది? ఆఫీసులో రేటింగు 'అంచనాలకు తగినట్టు'. ఇంట్లో అదీ లేదు. ఈ పిల్ల దగ్గర మాత్రం నేను హీరోని. ఛస్తే విరగ్గొట్టను.

మే 5, మంగళవారం

మెరుపులాంటి ఆలోచన! మా యాప్‌లో టమాటా కూరగాయల అరలో ఉంది. వంకాయ కూరగాయల అరలో ఉంది. ఎంత అశాస్త్రీయం! మా మేనేజర్ కృష్ణప్రియకి నలభై స్లైడ్లు చూపించాను. ఆమె మూడో స్లైడు దగ్గర ఫోన్ ఎత్తి, నలభయ్యో స్లైడు దగ్గర దించి, "ఓకే, చిన్న పైలట్ చెయ్" అంది. శేరిలింగంపల్లి వరకు మాత్రం ప్రయోగం. టమాటా, వంకాయ, మిర్చి ఇక పండ్ల అరలోకి!

కళ్ళు కాస్త తిరుగుతున్నాయి. చప్పిడి తిండికి అలవాటు పడాలి.

మే 8, శుక్రవారం. రాత్రి 7:45

ఘోరం.

పొద్దున్నుంచి ఫిర్యాదులే. కూరగాయల్లో టమాటా కనపడట్లేదని వందల మంది. అది చాలదన్నట్టు చందానగర్‌లో ఒకావిడ సత్యనారాయణ వ్రతానికి 'ఐదు రకాల పండ్ల బుట్ట' ఆర్డరిచ్చింది. మా సిస్టమ్ పండ్ల అరలోంచి ఏరి పంపింది. టమాటాలు, గుత్తి వంకాయలు, కాప్సికం, పచ్చిమిర్చి, రెండు అరటిపండ్లు. పంతులుగారు కలశం ముందు వంకాయలు పెట్టి కూర్చున్న ఫోటో కంపెనీ మొత్తం తిరిగింది.

"జశ్వంత్, వాట్ ఈజ్ దిస్? వ్రతంలో వంకాయలేంటి?" అంది కృష్ణప్రియ.

"బొటానికల్‌గా..."

"బొటానికల్‌గా కాదు, బుర్రతో చెప్పు."

నితీష్ సహా పదకొండు మంది ముందు. సాయంత్రానికి అన్నీ పాత అరల్లోకి. వచ్చేటప్పుడు కారు చౌరస్తా దగ్గర ఆగింది. నేను ఆపలేదు, అదే ఆగింది.

బుచ్చమ్మ బండి. నాలుగు మిర్చి బజ్జీలు. మధ్యలో చీల్చి, ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి.

కళ్ళలోంచి నీళ్ళు. ఆనందమో మంటో తెలీదు. పన్నెండు రోజుల తర్వాత నాలుక లేచి కూర్చుంది.

"ఏం సార్, గా స్తంభం ఎనక నిలబడి తింటున్నరేంది?" అంది బుచ్చమ్మ. "గిదేమన్న కల్లు దుకాణమా? జర కూసోని తినుర్రి."

8:10. ఇంటికొచ్చాను. ఎక్కిళ్ళు. కారం తింటే నాకు చిన్నప్పట్నుంచీ ఎక్కిళ్ళే.

"ఎక్కిళ్ళా నాన్నా?" అంది రసజ్ఞ.

"ఎవరో తలుచుకుంటున్నారమ్మా."

పుస్తకం తెచ్చింది. ఇద్దరి గళ్ళలో టిక్కు పెట్టబోతూ ఆగి, "ఇవాళ కూడా తినలేదు కదా?" అంది. లేదన్నాను. ఒక్క క్షణం. ఒక్క మాట. నోట్లోంచి వచ్చేసింది.

మే 9, శనివారం

ప్రశాంతంగా ఆలోచించాను. నిన్నటిది నిజానికి ఒట్టు విరగడం కాదు:

1. బజ్జీ పైన ఉన్నది శనగపిండి. అది కాయధాన్యం. నేను తిన్నది ప్రధానంగా కాయధాన్యం.
2. పచ్చిమిర్చి పండలేదు. పండనిది ఫలం ఎలా అవుతుంది?
3. ఆఫీసులో అవమానం. అత్యవసర పరిస్థితి.

రెండో పాయింటు మామయ్యగారిని మామూలుగా అడిగినట్టు అడిగాను. "పండినా పండకపోయినా ఫలం ఫలమే బాబూ" అన్నారు. ఈయన్ని ఎందుకు అడిగానా అనిపించింది. మొదటి పాయింటుతో సరిపెట్టుకున్నాను.

మే 13, బుధవారం

బజ్జీలు: సోమవారం మూడు, మంగళవారం నాలుగు, ఈరోజు నాలుగు.

కొత్త పరిశోధన. చల్లమిరపకాయలు మా యాప్‌లో 'అప్పడాలు, వడియాలు' అరలో ఉన్నాయి. క్యాటలాగ్ లీడ్ హోదాలో చెబుతున్నాను, అవి ఫలాలు కావు. నా డ్రాయర్లో ఒక ప్యాకెట్ పెట్టుకున్నాను. నితీష్ చూసి, "బ్రో, బెర్రీ?" అన్నాడు. "వడియం" అన్నాను.

భోజనాల దగ్గర మళ్ళీ ఎక్కిళ్ళు. మామయ్యగారు పళ్ళెంలోకి చూస్తూ రసజ్ఞకి పాఠం మొదలెట్టారు. "ఏమ్మా, అనృత ఫలం అంటే ఏంటో గుర్తుందా? జీడిమామిడి పండు ఉంటుంది చూడు. ఎర్రగా నిగనిగలాడుతుంది. అసలు ఫలం అది కాదు." ఆయన నా వంక చూడలేదు. చూడకపోవడమే ఇబ్బందిగా ఉంది.

మే 17, ఆదివారం. మధ్యాహ్నం 12:30

అత్తయ్యగారు ఆవకాయ కలిపారు.

మామిడి ముక్కలు: టెంక ఫలం. రసజ్ఞ ఒట్టు.
కారం: మృదుఫలం. నా ఒట్టు.

బేసిన్‌లో ఎర్రగా నూనె తేలుతూ మా ఇద్దరి ఒట్లూ కలిసి ఉన్నాయి. బేసిన్ అంచుకి అంటుకున్న పిండిలో వేడన్నం వేసి కలిపి ముద్దలు పెట్టడం మా ఇంట్లో మామూలు. అత్తయ్యగారు పిల్లని రెండుసార్లు పిలిచారు. "ముక్క వద్దులే, ఒట్టి పిండి అన్నం తిను." "మామిడి ఊట ఉంటుంది కదా అమ్మమ్మా" అంది. మేమిద్దరం బాల్కనీలో పెరుగన్నం తిన్నాం. పదేళ్ళ పిల్ల! నాకు అత్తయ్యగారి మీద కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో తర్వాత ఆలోచించాను, ఆలోచించకుండా ఉంటే బాగుండేది.

2:15. అందరూ నిద్ర. వంటింట్లో బేసిన్ ఇంకా కడగలేదు. రెండు ముద్దలు. మూడు. స్వర్గం ఎక్కడో కాదు, అక్కడే ఉంది.

ఎక్కిళ్ళు. వెనక్కి తిరిగితే రసజ్ఞ, నీళ్ళ సీసాతో.

"ఎవరో తలుచుకుంటున్నారమ్మా" అన్నాను, చెయ్యి వెనక్కి పెట్టుకుని.

"నేనే నాన్నా" అంది. "పాపం నాన్న కూడా పెరుగన్నమే తిన్నాడని నేనే తలుచుకుంటున్నా."

సీసా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మే 20, బుధవారం

రేపు చెప్పేస్తాను. చెబితే పిల్ల మామిడిపండు తింటుంది. అంతే కదా! చాలా చిన్న విషయం.

మే 21, గురువారం

ఈరోజు కుదర్లేదు. సమీక్షా సమావేశం.

మే 24, ఆదివారం

ఆమని బాల్కనీలో బట్టలు మడతపెడుతూ అంది. "నువ్వు ఇంత గట్టివాడివని నాకు తెలీదు జశ్వంత్. నువ్వు మూడో రోజే ఆగిపోతావనుకున్నా. అందుకే ఆ షరతు పెట్టాను. పిల్ల ఈ ఏడాది ఒక్క ముక్క నోట్లో పెట్టలేదు. నిన్న దాని ఫ్రెండ్ రజిత వాళ్ళింట్లో పుట్టినరోజుకి మామిడిపండు ఐస్‌క్రీమ్ ఇస్తే చేతిలో పట్టుకుని కరిగిపోయేదాకా కూర్చుందట."

నా చొక్కా మడతపెట్టబోయి ఒకసారి వాసన చూసి, మళ్ళీ ఉతికే బుట్టలో పడేసింది.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "ఎండ బాగా ఉంది" అన్నాను.

మే 30, శనివారం

చెప్పడానికి సిద్ధం. ఉదయం 10:00 ముహూర్తం.

9:40. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ ఓంకార్ గారి ఫోన్. "మీ పాప చెప్పింది సార్. రేపు పిల్లల సమ్మర్ క్యాంపు ముగింపు ఉంది. మాట మీద నిలబడటం గురించి మీరు పది నిమిషాలు మాట్లాడాలె."

ఇప్పుడెలా చెప్పను? క్యాంపు అయ్యాక చెబుతాను.

మే 31, ఆదివారం

మాట్లాడాను. పద్దెనిమిది నిమిషాలు. 'మనసు మన చెప్పుచేతల్లో ఉండాలి' అన్న దగ్గర చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న రసజ్ఞ చప్పట్లు కొట్టలేదు. అరచేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది. సిగ్గుపడుతోందేమో, సొంత తండ్రి కదా.

ఇంటికొచ్చి అద్దంలో ముఖం చూసుకోలేదు.

జూన్ 5, శుక్రవారం. సాయంత్రం 7:00

బజ్జీలు ఐదు. స్తంభం వెనక స్థలం నా పేరున రాసిచ్చేలా ఉంది బుచ్చమ్మ.

ఐలయ్య పిలిచాడు. "సార్, బంగినపల్లి అయిపోయినట్టే. ఇగ ఒక్క గంప ఉంది. వానలు పడ్డయంటే ఇగ అన్నీ నీలం పండ్లే, వాటిల్ల పురుగులుంటయ్. బిడ్డకు తీస్కపోండ్రి."

"ఆదివారం తీసుకెళ్తాలే" అన్నాను.

"ఆదివారం దాకా ఉండయ్ సార్."

గంపలో పండ్లు పసుపుగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. కొంటే ఎందుకు కొన్నావంటారు. చెప్పాలి. చెప్తే నెలరోజుల అబద్ధం బయటపడుతుంది. ఆ పుస్తకంలో టిక్కులు, ఫ్రెండ్స్ ముందు గొప్పలు, ఆ ఉపన్యాసం. ఇప్పుడు నిజం చెబితే నేను ఆ పిల్ల ముందు ఎలా కూర్చోను? ఒక ఎండాకాలం మామిడిపండ్లు పోతే మళ్ళీ ఏడాది వస్తాయి. తండ్రి మీద నమ్మకం పోతే?

చూశారా, ఎంత బాగా సర్దుకున్నానో. అరల పనిలో నాకు పదేళ్ళ అనుభవం.

జూన్ 8, సోమవారం

మృగశిర. వాన. బయో డైవర్సిటీ జంక్షన్ దగ్గర గంటన్నర ట్రాఫిక్. చౌరస్తాలో ఐలయ్య బండి మీద నీలి పట్టా కప్పి ఉంది. గంప ఖాళీ.

జూన్ 12, శుక్రవారం

స్కూళ్ళు తెరిచారు. రసజ్ఞ హోంవర్క్ చార్టు ఇచ్చేసింది. టీచరు మెచ్చుకుందట. టిక్కుల పుస్తకం మాత్రం ఇవ్వలేదు. "అది మన ఇంటిది" అంది.

జూన్ 21, ఆదివారం. ఉదయం 11:00

చెప్పేశాను.

పెద్ద ధైర్యం చేసి కాదు. పొద్దున రసజ్ఞ హోంవర్క్ చేసుకుంటుంటే పెన్సిల్ కోసం ఆమె సంచీ తెరిచాను. ఆ పుస్తకం దొరికింది. మే 8 దాకా రెండు గళ్ళలోనూ టిక్కులు. ఆ తర్వాత 'నేను' గడిలో టిక్కులున్నాయి. 'నాన్న' గడిలో టిక్కు లేదు. కొన్ని తేదీల దగ్గర ఒకటే మాట, చిన్న అక్షరాల్లో: ఎక్కిళ్ళు. ఎక్కిళ్ళు. ఎక్కిళ్ళు. మే 17 దగ్గర: ఎక్కిళ్ళు, చేతికి ఎరుపు. మే 31 దగ్గర ఏమీ లేదు, ఒట్టి గీత.

రోజూ సాయంత్రం పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చి "ఇవాళ కూడా తినలేదు కదా?" అని అడిగేది. లేదనేవాణ్ణి. ఏదో రాసుకునేది. టిక్కే అనుకున్నాను.

వెళ్ళి నేల మీద ఆమె పక్కన కూర్చున్నాను. "నా ఒట్టు విరిగిందమ్మా."

"తెలుసు నాన్నా."

"మరి చెప్పలేదేం? అమ్మ షరతు ఉందిగా! నాది విరిగితే నీదీ విరిగినట్టేగా! హాయిగా తినేదానివి!"

"నువ్వు నోటితో చెప్తేనే కదా విరిగినట్టు. నేను చెప్తే చాడీ." పెన్సిల్ చెక్కుకుంటోంది. "రోజూ అడిగాను కదా. రేపు చెప్తావులే అనుకునేదాన్ని. బంగినపల్లి అయిపోయేలోపు చెప్తావనుకున్నా."

ఆమని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నాకూ తెలుసు. మా నాన్నకి తెలుసు. మా అమ్మకి తెలుసు. తినవే తల్లీ అని నెల నుంచి బతిమాలుతూనే ఉన్నాను. 'నాన్న ఇంకా చెప్పలేదుగా' అంటుంది. ఇక నేనేం చెయ్యను?"

అంటే ఇంట్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. స్తంభం వెనక నిలబడ్డవాడికి చౌరస్తా మొత్తం కనపడదు.

మధ్యాహ్నం 12:20

వానలో పరుగెత్తాను. ఐలయ్య దగ్గర నీలాలు. ఆరు. "చెప్పిన గద సార్" అన్నాడు. తల ఎత్తలేదు. బుచ్చమ్మ "బజ్జీ ఎయ్యాల్నా సార్?" అంది. వద్దన్నాను. ఆమె మూకుడు కింద మంట తగ్గించి నన్ను ఎగాదిగా చూసింది. "పానం బాగుందా?"

12:50. రసజ్ఞ ఈ ఏడాది మొదటి మామిడిపండు. నేనే కోశాను. మొదటిది పులుపు. రెండోదాన్ని కోస్తే టెంకలోంచి నల్లటి పురుగు పాకుతూ బయటికొచ్చింది. మూడోదాంట్లోనూ అంతే.

అందరం చూస్తున్నాం. పిల్ల పురుగున్న ముక్క పక్కకి తీసి, మిగిలింది తీసుకుని కొరికింది.

"ఫర్వాలేదు నాన్నా. ఈ పక్క బాగానే ఉంది."

బాగాలేదు. ఆ ముక్క నేనూ రుచి చూశాను. బొత్తిగా బాగాలేదు. లేచి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

రాత్రి 7:50

భోజనాలకి ముందు ప్రకటించాను. "మళ్ళీ మొదలుపెడతాను! ఈసారి నిజంగా! రసజ్ఞా, వర్గం నువ్వే చెప్పు."

పిల్ల చార్టు గుర్తు చేసుకుంటున్నట్టు పైకి చూసింది. "కెరియాప్సిస్."

మామయ్యగారికి పొలమారింది. కెరియాప్సిస్ అంటే నాకు ఇప్పుడు బాగా తెలుసు. తప్పించుకునే దారుల కోసం నెలన్నర పాటు చార్టు తిరగేశాను కదా. గింజ, తొక్క అతుక్కుపోయి విడదీయరాని ఫలం. బియ్యం. గోధుమ. జొన్న. మొక్కజొన్న. అంటే అన్నం, చపాతీ, ఇడ్లీ, దోసె, ఉప్మా, రొట్టె, పూరీ, సేమ్యా అన్నీ పోయినట్టే.

"ఎన్ని రోజులు? నలభై?" అన్నాను.

"ఒక్కరోజు."

"ఒక్కరోజేనా? మీ నాన్న ఒక్కరోజు మించి ఉండలేడనుకున్నావా?"

రసజ్ఞ పుస్తకంలో కొత్త పేజీ తీసి, 'నాన్న' అని రాసి, ఒకే ఒక్క గడి గీసింది. పెద్దగా, పేజీ అంతా పట్టేలా.

8:15. భోజనం. ఒట్టు లేని పూట కాబట్టి, రెండు నెలల తర్వాత అందరి ముందూ పెరుగన్నంలో చల్లమిరపకాయ నంజుకున్నాను. ఎక్కిళ్ళు వచ్చాయి. రసజ్ఞ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. పుస్తకం తెరవలేదు.

రేపు ఉదయం ఆరింటికి మొదలు. ఒక్కరోజు. ఒక్క గడి. టిక్కు పడి తీరాలి!

సగ్గుబియ్యం మాత్రం కర్రపెండలం దుంపతో చేస్తారు. అది ఫలమే కాదు. ఇప్పుడే చూశాను.